వద్దంటూనే వెంట వచ్చిన మామ

మా మామ పోయిన నెలలో చనిపోయాడు. బామ్మర్ది ఫోను చేసేసరికి నేను గద్వాల బస్టాండు పక్కన సైకిలుకు గాలి కొట్టిస్తున్నాను. "బావా, నాయిన లేడిగ" అన్నాడు. పొద్దున చేనికి పోయి వచ్చి, చాయ్ తాగి మంచం మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదట. సైకిలు షాపతను చక్రం నొక్కి చూపించి, గాలి చాలా సార్ అని అడిగాడు. చాలో చాలదో చెప్పలేక అతని ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.

మామ అంటే నా భార్య తండ్రి. వనపర్తి దాటి, గోపాల్‌పేట అవతల ఒక ఊళ్ళో సేద్యం చేసుకునేవాడు. నేను గద్వాలలో లెక్కల పంతుల్ని. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు ఎంతసేపటి పని అనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, ఆయన నాకు అర్థమే కాలేదని. ఇన్నేళ్ళు ఆ ఇంటి అన్నం తిని ఇలా రాయడం బాగుండదు గానీ, నిజం అదే.

మా ఇద్దరినీ దగ్గర చేసింది, లేదా దూరం చేసింది, నా పిచ్చి. ఒక ఆదివారం పేపర్లో ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేసే పోటీ గురించి చదివాను. పొట్ట ముందుకు వస్తున్న వయసులో ఉన్న పంతులు అలాంటివి చదవకూడదు. చదివాను, తగులుకుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అలాంటి పోటీ మొదలుపెట్టి చివరిదాకా పూర్తి చెయ్యాలని పట్టుబట్టాను. సైకిలు ఎలాగూ తొక్కుతాను. పరుగుకు గద్వాల కోట లోపల మైదానం ఉంది. ఈత దగ్గరే వచ్చింది చిక్కు. కృష్ణలో దిగుతానంటే నా భార్య ఒప్పుకోలేదు. అక్కడ మొసళ్ళున్నాయట. ఈదితే మా నాయిన బావిలోనే ఈదాలి, అదీ ఆయన ఒడ్డున ఉన్నప్పుడే అని తేల్చి చెప్పింది.

సంగతి విని మామ చాలాసేపు బీడీ తాగాడు. తర్వాత అడిగాడు: "మూడు పనులు ఒక్కపారే ఎందుకు అల్లుడా? నిన్నెవరు తరుముతుండ్రు?"

ఎవరూ తరమడం లేదని ఒప్పుకున్నాను. అయితే వద్దన్నాడు. వద్దన్నవాడే మరుసటి ఆదివారం నేను బస్సు దిగేసరికి రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. బస్సు టాపు మీది నుంచి సైకిలు దింపడానికి ఒక చెయ్యి వేశాడు కూడా. కూతురు చెప్పిందని వచ్చాడా, తనకే రావాలనిపించిందా అని ఆ రోజే అడగాల్సింది.

వాళ్ళది గుండ్రటి పాత బావి, రాతి కట్టడం. గోడ ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండాలన్నాడు మామ, అలసటొస్తే రాళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి పట్టుకోవడానికి. నేను చొక్కా విప్పి చెడ్డీ మీద మెట్లు దిగడం మొదలుపెట్టగానే ఆయన తిరిగి కూర్చున్నాడు, వీపు బావికి, ముఖం ఆముదం చేనుకు. వాళ్ళింట్లో అల్లుడంటే మర్యాద. అల్లుడు వస్తున్నాడంటే తలగుడ్డ సరిచేసుకుని ఎదురొచ్చే మనిషి ఆయన. అలాంటి అల్లుణ్ణి తడిసిన చెడ్డీలో చూడటం ఆయనకు కుదరని పని. కాబట్టి నన్ను కాపలా కాయడం అంటే ఆయన లెక్కలో నా చప్పుడు వినడం. నీళ్ళ చప్పుడు ఆగితే దగ్గేవాడు. నేను బతికే ఉన్నానని కింద నుంచి తిరిగి దగ్గాలి. నోట్లో నీళ్ళున్నప్పుడు దగ్గడం ఎంత కష్టమో మీలో ఎవరైనా చేసి చూస్తే తెలుస్తుంది.

ఈత అయ్యాక సైకిలు తొక్కాలి, ఆ తర్వాత పరుగెత్తాలి. కానీ ఆ ఇంట్లో అల్లుడు వచ్చాడంటే కోడి కొయ్యాల్సిందే. జొన్నరొట్టెలు, కోడికూర, పెరుగన్నం పెట్టి, అత్తమ్మ మళ్ళీ రొట్టె వేసేది. వద్దంటే మామ కంచం వంక చూసి, "ఉత్త కడుపుతోని పంపిస్తే ఊరోళ్ళు ఏమనుకుంటరు? కడుపు నిండినంక నీ ఇష్టం" అనేవాడు. కడుపు నిండాక నా ఇష్టమంతా నిద్ర మీదే ఉండేది. వేపచెట్ల కింద తేన్చుతూ పరుగెత్తే అల్లుణ్ణి చూసి నవ్వని మనిషి ఆ ఊళ్ళో లేడు.

మొదటి పోటీ జూరాల డ్యాము వెనకనీళ్ళ దగ్గర జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన ఈతగాళ్ళు, సైకిళ్ళవాళ్ళు కొందరు కలిసి సరదాగా పెట్టుకున్నది. కావలికి పడవలుంటాయంటే నా భార్య ఒప్పుకుంది. నీళ్ళలో ఎర్ర డ్రమ్ములు తేలేలా వేశారు, వాటి వెంట ఈదాలి. నేను తలొంచుకుని ఈదాను, బాగా ఈదుతున్నాననే అనుకున్నాను. తల ఎత్తి చూస్తే చుట్టూ ఎవరూ లేరు. డ్రమ్ములు ఎక్కడో వీపు వెనక ఉన్నాయి. చేపలు పట్టే మనిషి ఒకడు పుట్టిలో పక్కకు వచ్చి, "యే ఊరికి పోతున్నవ్ సారూ?" అని అడిగాడు. జరిగిందేమంటే, గుండ్రటి బావిలో గోడ కుడివైపు పెట్టుకుని తిరిగి తిరిగి నా ఒళ్ళు ఎడమకు మళ్ళడం నేర్చింది. గోడ లేని నీళ్ళలో కూడా బావిలో ఉన్నట్టే పెద్ద చుట్టు చుట్టాను. ఒడ్డున మామ నిలబడి టువాలు ఊపుతున్నాడు. రమ్మంటున్నాడో, డ్రమ్ముల వైపు పొమ్మంటున్నాడో నాకు తెలియలేదు. పుట్టి ఎక్కి ఒడ్డుకొచ్చేశాను.

"చాలిగ. ఇంటికి పోదాం" అన్నాడు మామ. టువాలు ఎందుకు ఊపావని బస్సులో అడిగితే కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు.

ఇక మానేద్దామనే అనుకున్నాను. కానీ ఆ రోజు బస్సు టాపు మీద మామ వెంట ఊరికి పోయిన సైకిలు బావి దగ్గరే ఉండిపోయింది, తెచ్చుకుందామని వెళ్ళాను. చూస్తే బావికి అడ్డంగా, మెట్ల దగ్గర నుంచి ఎదురు గోడ దాకా, నీళ్ళకు జానెడు పైన మోకు కట్టి ఉంది. వెనకటికి మోట తోలిన కాలంనాటి లావు తాడు. ఇదేంటి మామా అన్నాను. బట్టలు ఆరేసుకోవడానికన్నాడు. నీళ్ళ మీద బట్టలు ఆరేస్తారా అంటే, "ఎండ గాడనే మంచిగ పడ్తది" అని చేను వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తాడు కింద నేను తిన్నగా పోవడం, తిన్నగా రావడం నేర్చుకున్నాను. దాని మీద ఒక్క గుడ్డ ముక్క ఆరడం నేనెప్పుడూ చూడలేదు. నాకోసమే కట్టాడని నేనంటే మా బామ్మర్ది ఒప్పుకోడు. మోకు చీకిపోకుండా ఎండకు కట్టి ఉంటాడంటాడు. అదీ కావచ్చు.

మరుసటి ఏడు పోటీకి ముందు రోడ్డు మీద పడ్డాను. మన దగ్గర కందికట్టె కోశాక బండ్లు తొక్కి గింజ రాలుతుందని తారు రోడ్డు మీద పరుస్తారు కదా, మలుపులో దాని మీద చక్రం జారింది. మోచెయ్యి విరిగింది. వనపర్తి దవాఖానకు మామ వచ్చి కట్టు చూసి, ఇగ బంద్ చెయ్యమన్నాడు. చాలా కోపంగా అన్నాడు, అత్తమ్మ కూడా భయపడింది. నాకూ ఏడుపొచ్చింది, ఎముక నొప్పికి కాదు. ఆ సంవత్సరం పోటీ నేను లేకుండానే అయిపోయింది.

కట్టు విప్పాక మళ్ళీ సైకిలు ఎక్కిన రోజు, నా ముందు ఆయన టీవీఎస్ బండి బుర్రుమంటూ పోతోంది. వనపర్తి నుంచి యూరియా తేవాలట. కట్టె పరిచిన ప్రతిచోటా ఆగి, "జర పక్కకు లాగుండ్రి, మా అల్లుడొస్తుండు" అని జనాన్ని కసురుకుంటూ పోయాడు. వాళ్ళు లాగేదాకా కదల్లేదు. వనపర్తి చేరాక చాయ్ తాగి, యూరియా సంగతి ఎత్తకుండా బండి వెనక్కి తిప్పాడు. తర్వాతి ఆదివారం కూడా ఆయనకు యూరియా పనే పడింది. ఇంటికి వచ్చాక మాత్రం భోజనాల దగ్గర, ఈ పిచ్చి మాన్పించమని నా ఎదురుగానే కూతురికి చెప్పేవాడు. వద్దనేవాడు ఒకడు, ముందు నడిచేవాడు ఇంకొకడు అయినా బాగుండేది. ఇద్దరూ ఒక్క మనిషే అయితే ఎవరి మాట వినాలి?

ఆ ఎండాకాలం బావి ఎండి మోకాళ్ళ లోతుకు వచ్చింది. వానలు పడేదాకా ఈత లేదు. అయినా ఎలాగో మళ్ళీ పోటీ నాటికి తయారయ్యాను, అయ్యాననుకున్నాను. ముందు రోజే మామ గద్వాలకు వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. పొద్దున వెనకనీళ్ళ దగ్గర నా భార్య పక్కన నిలబడ్డాడు. తిన్నగా ఈదాను. డ్రమ్ములన్నీ నా కుడిచేతి వైపే ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. ఒడ్డెక్కి సైకిలు తీసుకుంటుంటే ఆయన కనబడ్డాడు. ఆ రోజు మాత్రం నన్ను చెడ్డీలో తిన్నగా చూశాడు. సైకిలు మీద ఎదురుగాలి కొట్టింది. పరుగుకు వచ్చేసరికి కాళ్ళు నావి కావు. ముందున్నవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు కనబడకుండా పోయారు. కొంత దూరం నడిచాను, కొంత దూరం కుంటుతూ పోయాను, ఒక తుమ్మచెట్టు పట్టుకుని వాంతి చేసుకున్నాను.

నేను వచ్చేసరికి పోటీ అయిపోయింది. గుంజలు పీకేస్తున్నారు, అడ్డంగా కట్టిన రిబ్బను చుట్టేశారు. ఎక్కడ ఆగాలో తెలియక, ఇదేనా చివర అని అడుగుతూ పరుగెత్తాను. సామాన్లు సర్దుతున్న ఇద్దరు జాలిపడి ఒక టువాలు చెరో కొసా పట్టుకుని నా ముందు అడ్డం నిలబడ్డారు. దాన్ని తాకి అక్కడే కూలబడ్డాను. పూర్తి చేశాను. నా భార్య నీళ్ళు తెచ్చింది. నేను మామ కోసం చూశాను.

"నాయిన నువ్వు రాకముందే పోయిండు. కరెంటొచ్చే ఏళయింది, మోటరెయ్యాలె అన్నడు" అంది.

ఇప్పుడు చెప్తున్నాను, ఆ మాటకు నాకు కలిగిన దుఃఖం ఆఖరున వచ్చినందుకు కూడా కలగలేదు. అంతసేపు నిలబడిన మనిషి ఇంకాస్త నిలబడలేడా? తర్వాత వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా, ఇవాళ అడుగుతాడు, పూర్తి చేసినవా అని అడుగుతాడు అనుకునేవాణ్ణి. కోడి కోయించాడు, వానల సంగతి మాట్లాడాడు, మనవరాలి చదువు అడిగాడు. ఆ సంగతి మాత్రం అడగలేదు. అడగనివాడికి నేనెందుకు చెప్పాలని నేనూ ఊరుకున్నాను. అలా ఊరుకుని ఉండగానే ఆయన పోయాడు. నేను పూర్తి చేశానని ఆయనకు తెలుసా తెలియదా అన్నది ఇక తేలదనుకున్నాను. పాడె మోస్తున్నంతసేపూ నా మనసులో అదొక్కటే ఉంది.

దినాల నాడు బంతిలో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. మామ ఈడువాడు, పక్క చేని రైతు. నీళ్ళల్ల దుంకి, సైకిల్ తొక్కి, ఉరికిన అల్లుడివి నువ్వేనా అని అడిగాడు. అవునన్నాను. ఎన్నో నంబరు వచ్చావని అడిగాడు. చుట్టూ బంధువులున్నారు, అత్తమ్మ అన్నం వడ్డిస్తోంది. ఆఖరున వచ్చానని చెప్పాను.

"గదే, మీ మామ గూడ గదే చెప్పిండు. అందరు గుంజలు పీకి సామాన్లు సదురుకుంటుంటే మా అల్లుడొక్కడే ఉరుక్కుంట వచ్చిండు, టువాల అడ్డంపట్టి నిలవెట్టిండ్రు అని. చెప్పిందే చెప్పిండు, నా చెవులు నొచ్చినయ్."

ఎవరేమనుకున్నా సరేనని అందరి ముందే ఏడ్చాను.

చేతులు కడుక్కున్నాక నా భార్యను కొట్టం దగ్గరకు పిలిచి, టువాలు సంగతి నువ్వు చెప్పావా అని అడిగాను. "చెప్పినట్టు యాదికి లేదు. చెప్పిన్నేమో. తెల్వదు" అంది. అత్తమ్మను అడిగాను, ఆ రోజు మామ ఎప్పుడు ఇంటికి చేరాడని. పొద్దుగూకాక వచ్చినట్టుంది, అయినా ఏ రోజు పొద్దుగూకక ముందు వచ్చాడు గనక అంది. మోటరు వేశాడో లేదో ఆమెకు గుర్తులేదు.

అప్పటినుంచి ఆ టువాలు పట్టిన చోటును తలచుకుంటూనే ఉన్నాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వింత చూడటానికి వచ్చిన జనం అప్పటికి ఇంకా కట్ట మీద వరసగా నిలబడి ఉన్నారు. నా కళ్ళలోకి చెమట కారుతోంది, ఎండ నీళ్ళ మీద పడి కట్టంతా తెల్లగా మెరుస్తోంది. ఆ మెరుపులో మామలాగే పంచెలు కట్టిన ముసలివాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంత దూరం నుంచి, ఒక్కొక్కరినే చూస్తూ వస్తున్నాను.