మెట్లగది వైపు తూము

మధ్యాహ్నం రెండు కావొస్తోంది. తొంభై తొమ్మిది జూన్, మబ్బు కమ్మి గాలి స్తంభించిపోయింది. పొద్దున తాగిన చాయ్ తప్ప మునిస్వామి కడుపులో ఇంకేమీ లేదు. మాదాపూర్ మ్యూజియం డాబా మీద, మడమలు మునిగే నీళ్లలో నిలబడి ఉన్నాడు. పేగులు అరుస్తున్నాయి.

అవి వాననీళ్లు కావు. డాబాకి కొత్తగా పూత వేశారు. అది ఆగుతుందో కారుతుందో తేల్చుకోవడానికి తూముల్లో గోనెగుడ్డ కుక్కి నీళ్లు నిలబెట్టారు. కింద కప్పు ఎక్కడా చెమ్మగిల్లలేదు. ఇక గుడ్డలు లాగేసి నీళ్లు వదిలెయ్యడమే పని. ముందు వైపు తూము తెరిచాడు. మెట్లగది వైపుది మిగిలింది.

మెట్ల మీంచి యాదమ్మ కేకేసింది. మ్యూజియంలో ఊడ్చి తుడిచే మనిషి.

"అన్నా, దిగుతవా, ఆడనే చేపలు పడ్తవా?"

"ఇదొకటి లాగేసి వస్తాలే మ్మా."

"రొట్టె సల్లారితే చెక్క లెక్క అయితది. తిన్నంక తియ్యి. తూము ఏడికి పోతది?"

మునిస్వామి దిగిపోయాడు.

యాదమ్మది ఖాజాగూడ. పెనిమిటి అక్కడి రాతిగుండ్లు పగలగొట్టేవాడు. ఈ మ్యూజియం పునాదులకి ఆమె తట్టల్తో రాళ్లు మోసింది. కట్టడం పూర్తయ్యాక కూలీలంతా చుట్టుపక్కల లేస్తున్న అద్దాల మేడలకి తరలిపోతే, మేస్త్రీ కొందరిని ఇక్కడే నిలిపాడు. సిమెంటు కలిపినవాడు పైపుల పని చూసేవాడయ్యాడు. సెంట్రింగ్ కర్రలకి కాపలా పడుకున్నవాడు వాచ్‌మన్ అయ్యాడు. కదిరి నుంచి బోరు లారీ మీద వచ్చిన మునిస్వామికి డాబా, ట్యాంకులు అప్పజెప్పారు. సూపర్‌వైజర్ పట్టాభిరామయ్య ఖాకీ చొక్కాల మీద 'మెయింటెనెన్స్' అని కుట్టించి పంచాకే, తమని అలా పిలుస్తారని వాళ్లకి తెలిసింది. యాదమ్మ ఆ చొక్కా చీర మీద తొడుక్కుని, "మా ఇంటాయన నన్ను జూసి పోలీసనుకొని బీడీ పారేసిండు" అని అందర్నీ నవ్వించింది.

పంపు గది వెనక చిన్న గది ఆమెకిచ్చారు. రాతిపొడి పీల్చి పీల్చి పెనిమిటి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ గదిలో మంచం మీదే కూర్చుని దగ్గుతుండేవాడు. ఆ గది పోతే అతన్ని పట్టుకుని ఎక్కడికెళ్లాలో ఆమెకి తెలియదు. ఈ సంగతి మునిస్వామికి ఆమే చెప్పింది.

రొట్టె తిని చెయ్యి కడుక్కుంటుండగానే నీళ్ల ట్యాంకరొచ్చింది. పైపు పట్టుకుని నిలబడ్డాడు. తరవాత మోటారు మొరాయించింది. సాయంత్రానికి తూము ఊసే మర్చిపోయాడు. చీకటి పడగానే తొలివాన కుండపోతగా దంచేసింది.

మర్నాడు పొద్దున హాల్లో మోకాళ్ల మీద కూర్చుని అందరూ నీళ్లు ఎత్తిపోస్తున్నారు. డాబా మీద నిలిచిన నీళ్లు గడప దాటి మెట్లమీదుగా దిగి, గోడల వెంట కారి, వాటికి వేలాడదీసిన పాత అద్దకం బట్టల్ని సగానికి తడిపేశాయి. వందల ఏళ్లనాటి రంగులు నేలమీద ఎర్రగా పారుతున్నాయి.

పట్టాభిరామయ్య తూములోంచి లాగిన గోనెగుడ్డ పట్టుకొచ్చాడు. అంచుకి నీలం దారం కుట్టు ఉంది.

"యాదమ్మా, ఈ కుట్టు నీదే కదా? పూత పరీక్ష గుడ్డలు నిన్ననే తీసేశారు. మళ్లీ డాబా కడిగి తుడుపుగుడ్డ తూములో వదిలేస్తావుటే?"

ఆ గుడ్డ ఆమె బకెట్లోంచి తీసుకున్నది మునిస్వామి. యాదమ్మ అతని వైపు చూసింది. అంతకుముందొక అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు పొంగించినందుకు అతన్ని తీసేశారు. ఇక్కడా తీసేస్తే మళ్లీ బోరు లారీయే. వయసు మీదపడ్డాక ఆ పని ఒళ్లు ఓర్వదు.

"వాన శానా పెద్దదొచ్చింది సార్," అన్నాడు.

"గుడ్డ నాదే సార్," అంది యాదమ్మ.

"పైవాళ్లు ఎవరో ఒకర్ని పంపించెయ్యమంటారు. నేనేం చెయ్యను?" అన్నాడు పట్టాభిరామయ్య. కోపం కంటే అలసటే ఎక్కువుంది ఆ గొంతులో.

ఆ వారమంతా మునిస్వామి ఆఫీసు గది గుమ్మం దాకా వెళ్లడం, చొక్కా సర్దుకుని వెనక్కి రావడం. ఒకసారి చీపురు పట్టుకుని ఎదురైన యాదమ్మని ఆపాడు.

"నేను చెప్తాలే మ్మా. సోమవారం చెప్తా."

"చెప్పేటోనివైతే ఆ దినమే చెప్తుంటివి," అంది యాదమ్మ. కసురుకోలేదు. "పో, ట్యాంకు నిండినట్టుంది జూడు."

తిట్టినా బాగుండేది. ఆ రాత్రి అన్నం కలిపి, కంచం పక్కకి నెట్టేశాడు.

సోమవారం పెందలాడే లేచి తల దువ్వుకుని, చెప్పాల్సిన మాటలు దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాడు. ముందుగా ఆమెకి చెప్పి ఆఫీసుకెళదామని పంపు గది వెనక్కి నడిచాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం లేదు, పొయ్యి లేదు. వెళ్తూ వెళ్తూ నేల తుడిచింది యాదమ్మ, ఇంకా తడి ఆరలేదు. మునిస్వామి ఆ తడి మీద కాలు పెట్టలేక గుమ్మంలోనే నిలబడ్డాడు.

తాళంచెవుల గుత్తి తిప్పుకుంటూ పట్టాభిరామయ్య వచ్చాడు.

"తెల్లారకుండానే ఆటోలో వెళ్లిపోయారటయ్యా. నేను పొమ్మనకముందే. నీకైనా చెప్పిందా?"

"లేదు సార్."

"ఏదో అనబోతున్నట్టున్నావు?"

"ఏం లేదు సార్," అన్నాడు మునిస్వామి.

పట్టాభిరామయ్య గదికి తాళం వేశాడు.