రంగనాయకమ్మ బుధవారాలు

కురిచేడు వీధిబడిలో వేళ్ళు అరిగేదాకా ఇసుకలో అక్షరాలు దిద్దినాడు కృష్ణమూర్తి. అయ్యవారి బెత్తానికి జడిసి ఎక్కాలన్నీ గడగడా అప్పజెప్పినాడు. ఐదో తరగతి కాగానే వాళ్ళ నాయన వెంకటసుబ్బయ్య వాణ్ణి మార్కాపురం హైస్కూల్లో వేసి, తమవాళ్ళ ఏడిళ్ళల్లో వారాలు కుదిర్చి పోయినాడు. రోజుకొక ఇంట్లో అన్నం. ఎవరూ ఒక్క ముద్ద తక్కువ పెట్టింది లేదు, పుణ్యాత్ములు!

బుధవారం మాత్రం గండమే. ఆ ఇల్లు రంగనాయకమ్మది. మొగుడు పోయినామె, పిల్లల్లేరు, నోరు పెద్దది. రెండో తరగతిలోనే బడి మాన్పించి పెళ్ళి చేసినారంట. విస్తరి ముందేసి, అన్నం గిన్నె తన పక్కనే పెట్టుకుని కూచునేది.

"ఏందిరా కిట్టయ్యా, బళ్ళో ఈరోజు ఏం చెప్పినారు? మొత్తం చెప్పు. చెప్పినాకే వడ్డన."

తనకు పరీక్ష పెడుతోందనుకున్నాడు వాడు. కడుపులో ఎలుకలు పరుగెత్తుతుంటే పాఠం ఎవడికి గుర్తుంటది? నోటికొచ్చింది చెప్పేసేవాడు. ఒకసారి, కృష్ణానది యాడ పుట్టిందిరా అంటే, "మన శ్రీశైలంలోనే అత్తా. పాతాళగంగ కాడ భూమిలోంచి ఉబుకుతుంది" అన్నాడు.

రంగనాయకమ్మ మొహం చేటంతయింది. "అట్లనా! అందుకేనా ఆ నీళ్ళు అంత చల్లగా ఉండేది! దోర్నాల మీదుగా నడిచిపోయి మునిగొచ్చినా గానీ, ఈ సంగతి చెప్పినోడే లేడు" అంటూ ధారగా నెయ్యి పోసింది.

అట్ల ఆరేళ్ళు గడిచినాయి. హైస్కూలు చివరి క్లాసు ఆరో ఫారం గట్టెక్కి, కృష్ణమూర్తి గుంటూరు కాలేజీలో ఇంటర్ చేరినాడు. దసరా సెలవులకు మార్కాపురంలో రైలు దిగి, రంగనాయకమ్మను చూసిపోదామని వచ్చినాడు. వసారాలో నలుగురు ఆడపిల్లలు పలకలు పట్టుకుని కూచున్నారు. రంగనాయకమ్మ పాఠం చెబుతోంది.

"కృష్ణ పుట్టింది శ్రీశైలంలో. రాసుకోండి. ఏమే వసుంధరా, సెలవులు కాగానే నీకు బళ్ళో పరీక్ష, మర్చిపోయేవు!"

కృష్ణమూర్తి గుమ్మంలోనే ఆగినాడు. చెప్తే ఈమె బడి ఈరోజుతో మూతపడుతుంది. చెప్పకుంటే ఆ పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంది. తప్పదని ఆమెను వంటింట్లోకి పిలిచినాడు.

"అత్తా, అది పాఠం కాదు. ఆకలికి అల్లి చెప్పినా. అట్లాంటివి ఇంకా చానా ఉన్నాయి. కృష్ణ పుట్టింది యాడో పడమటి కొండల్లో, మహాబలేశ్వరం కాడ."

ఆమె గోడకు ఆనుకుంది. "ఆరేళ్ళూ నేను చదువుకుంటున్నాననుకున్నా గదరా."

"నన్ను పరీక్ష చేస్తున్నావనుకున్నా అత్తా."

"నాకేం తెలుసని నిన్ను పరీక్ష చేసేది?" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. "ఆకలిగొన్న బిడ్డను కూచోబెట్టి అడిగినా చూడు, నాదీ బుద్ధి తక్కువ."

చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు వాడికి. పిల్లల్ని పంపేస్తుందనే అనుకున్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని వసారాలోకి నడిచింది.

"అమ్మాయిలూ, కృష్ణ పుట్టింది శ్రీశైలంలో కాదు. నేను చెప్పింది తప్పు. ఇంకా ఎన్ని తప్పులు చెప్పినానో నాకే తెలీదు. ఈ అన్న మొదట్నుంచీ చెప్తాడు, అన్నీ తుడిచేయండి."

పిల్లలు పలకలు తుడుస్తున్నారు. ఆమె మూలనున్న పలక ఒకటి తీసుకుంది.

"కొంచెం జరగవే వసుంధరా, నన్నూ కూచోనీ" అని ఆ పిల్ల పక్కన చాప మీద చతికిలబడింది.