తినడానికి పనికిరాని పంట

ఉదయగిరిలో హన్నమ్మకు సెంటు పొలం లేదు. మిషన్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్లు ఆయాగా చేసి రిటైరైన మనిషికి పొలం ఎక్కడిది! అయినా ఏటా చర్చిలో కోతకాలపు పండుగనాడు, రైతులు కందులూ గుమ్మడికాయలూ తెచ్చి బల్ల మీద పెడుతుంటే, ఆమె కూడా తలెత్తుకుని నడిచి తన పంట పెట్టేది. అది ఇళ్ల ముందు కంచెగా పెంచే డురాంటా కొమ్మల కట్ట. గుత్తులు గుత్తులుగా వేలాడే పసుప్పచ్చని కాయలు. చూడ్డానికి ఎంత ముచ్చటో, నోట్లో పెట్టుకుంటే అంత చేటు, వాంతులే. "తినేదానికి పనికిరాని పంటేందవ్వా!" అని కుర్రకారు ఎగతాళి చేస్తే, "దేవుడికి ఆకలేస్తాదా ఏంది? ఆయనకు చూసేదానికే," అని కసిరేది.

పనిచేసే రోజుల్లో ఆసుపత్రి ఆవరణలోంచి కొమ్మ తెచ్చి ఇంటిముందు నాటుకున్న చెట్టు అది. దాన్ని పెంచడంలో ఆమెది మొండి పట్టు. ఊళ్లో డురాంటా వేసినవాళ్లంతా నెలనెలా గోడలాగా కత్తిరించేస్తారు. పూత వచ్చేదే కొమ్మ కొసన, ఇక కాయ ఎక్కడ కాస్తుంది? హన్నమ్మ మాత్రం పండుగ అయ్యాక ఒక్కసారే కత్తెర పట్టేది. తర్వాత కొమ్మలు వంగి దారికి అడ్డమొచ్చినా ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ముల్లు తగిలి చీర చిరిగిందని పక్కింటి దేవకమ్మ మూడు నెలలు మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె అనుకుంది.

పోయిన వేసవిలో వీధి బోరు ఎండిపోయింది. ట్యాంకరు నాలుగు రోజులకోసారి వచ్చేది. చెట్టు వడలడం వీధి చివర సొంత లోతు బోరు మీద క్యాన్ల వాటర్ ప్లాంటు నడిపే సురేంద్రబాబు కంటపడింది.

"ఏందవ్వా, నీళ్లకు కరువా? మా మిషన్‌లోంచి వేస్టు నీళ్లు ఊరికే కాలవలోకి పోతా ఉండాయి. పైపు ఏసిస్తా, పోసుకో," అన్నాడు.

అన్నట్టే తానే పైపు వేసి ఇచ్చాడు. మంచి మనిషి. ఆ రోజు ప్రార్థనలో హన్నమ్మ అతని పేరు కూడా కలిపింది.

నెల తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. దాహం తీరడం లేదేమోనని రెండు పూటలా పైపు పెట్టింది. పూత రాలింది. ఇంకా పోసింది. ఎండే ఊళ్లో పుట్టిన మనిషికి తోచే వైద్యం అదొక్కటే. మట్టి మీద తెల్లగా పేరుకుంటే సున్నమేమో, బలమేలే అనుకుంది.

చివరికి ఒక కొమ్మా, గుప్పెడు మట్టీ కవర్లో వేసుకుని బస్సెక్కి, ఆత్మకూరులో నర్సరీ నడిపే శీనయ్య దగ్గరికి పోయింది. అతను మట్టిని నాలుక కొసకు తాకించి ఉమ్మేశాడు.

"ఏం నీళ్లు పోస్తా ఉండావమ్మా?"

చెప్పింది.

"అయ్యో! మనకు మంచినీళ్లిచ్చి, ఉప్పంతా ఆ వేస్టు నీళ్లలోకే కదా మిషన్ తోసేసేది. ఇన్నాళ్లూ నువ్వు ఉప్పునీళ్లు పోసినావు."

"ఇప్పుడేం చేయమంటావు నాయనా?"

"గట్టి వాన పడి మట్టిని కడగాల. లేదంటే మంచినీళ్లు బిందెలు బిందెలు పారించాల."

మంచినీళ్లట! తాగడానికే క్యాన్ కొనుక్కునే ఊళ్లో! అయినా రెండు క్యాన్లు తెచ్చి పోసింది. మట్టి పీల్చేసుకుంది, మర్నాటికి తెల్లపొర మళ్లీ తేలింది. రోజూ సాయంత్రం దుత్తలూరు వైపు మబ్బు కమ్ముకునేది, అటునుంచి అటే పోయేది. ఎవరిని తిట్టాలి? సురేంద్రబాబునా? అతను చేసింది ఉపకారం. చెబితే నొచ్చుకుంటాడని, చడీచప్పుడు లేకుండా పైపు కొసను కాలవలోకి తిప్పేసింది. ఆ తర్వాత చెట్టు పక్కన కూర్చుని, తన చేతులే చూసుకుంటూ ఏడ్చింది.

నవంబరులో వాన దంచికొట్టింది. అప్పటికి చెట్టు పుల్లలై నిలబడింది. ఏ కొమ్మను గోటితో గీరినా లోపల పచ్చదనం లేదు.

పండుగనాడు ఇంట్లోనే ఉండిపోదామనుకుంది. రాకపోతే ఇంటికొచ్చి అడుగుతారని వెళ్లింది. సంఘ కార్యదర్శి డేవిడ్‌రాజు ఏటా చదివే జాబితానే చదువుతున్నాడు.

"హన్నమ్మ!"

లేచింది. బల్ల దాకా నడిచింది. ఖాళీ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమీ తేలేదయ్యా. నా చేతులతో నేనే నీళ్లు పోసి చంపుకున్నాను."

డేవిడ్‌రాజు జాబితా మీద వేలు కిందికి జరిపాడు. "కృపారాణి," అని తర్వాతి పేరు పిలిచాడు. కృపారాణి గుమ్మడికాయ ఎత్తుకుని వచ్చింది. హన్నమ్మ బల్లకు అడ్డంగా అలాగే నిలబడి ఉంది. పక్కకు జరగాలని కూడా ఆమెకు తోచలేదు.