మా వెల్డరు ఓడలు కట్టడానికి వెళ్తున్నాడు

టేకులపల్లిలో నాకో చిన్న వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, ట్రాక్టరు ట్రాలీలు చేస్తాం. పదేళ్లుగా అక్కడి పనంతా యేసుదాసు చేతి మీదే నడుస్తోంది. ఈ రోజు పొద్దున అతను పోస్టులో వచ్చిన కవరు పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

వైజాగ్‌లో నౌకాదళానికి ఓడలు కట్టే ఒక యార్డుకు కొత్త ఆర్డర్లు వచ్చాయనీ, వెల్డర్లను తీసుకుంటున్నారనీ పేపర్లో చూసి, పోయిన నెల అతన్ని పరీక్షకు పంపింది నేనే. నలభై ఏళ్లవాణ్ణి ఎవరు తీసుకుంటారులే అని లోపల చిన్న ధీమా కూడా ఉండేది. తీసుకున్నారు.

నేను చెయ్యి కలిపేలోపే అతని భార్య సునీత కంగారుగా వచ్చింది.

“అన్నా, ఈయనకు ఈత రాదు. గోదావరిల మోకాలు లోతు గూడ దిగడు. సముద్రంల ఏం జేస్తడు?”

యేసుదాసు నవ్వాడు. “ఓడను ఒడ్డు మీదనే కడ్తరే. అది నీళ్లల్లకు పోతది, నేను ఇంటికొస్త.”

ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. “అవ్, గట్లయితే మేం గూడ వస్తం. పిల్లలకు ఆడనే బడి చూడు” అంది.

సామాన్లు సర్దుకోమని ఇద్దరినీ ఇంటికి పంపేశాను. మధ్యాహ్నం నేనే ఒక గేటు అతికితే, అది వంకరగా వచ్చింది. గేటు తాలూకు రైతు దాన్ని తడిమి చూసి, “యేసుదాసు లేడా?” అన్నాడు.

“లేడు. నేవీ ఓడలు కట్టబోతున్నడు” అన్నాను. నా గొంతులో అంత గర్వం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

మంచి పనివాణ్ణి ఇలా చేజేతులా పంపుకున్నవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?