పరీక్షకు రాని పేరా

పెనుకొండలో ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా సోషల్ చెప్తున్నాను. పార్లమెంటులో బిల్లు చట్టమయ్యే పాఠం నాకు కంఠతా వచ్చు. సభలో ప్రవేశపెట్టడం, కమిటీకి పంపడం, క్లాజుల వారీగా చర్చ, ఓటు, తర్వాత రెండో సభ, చివరికి రాష్ట్రపతి ఆమోదం. కమిటీ దగ్గరికి రాగానే ప్రతి ఏడూ పిల్లల చేత పెన్సిళ్లు తీయించి ఆ పేరా మీద అడ్డగీత కొట్టించేవాణ్ణి. పాత ప్రశ్నపత్రాలన్నీ తిరగేశాను, అందులోంచి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. పరీక్షకు రానిది బట్టీ పట్టించి పిల్లల ప్రాణాలు తీయడమెందుకు? మా బడి ఫలితాలు బాగుంటాయి, అది నా గొప్పేనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. కొట్టించి కొట్టించి ఆ పేరాను నా బుర్రలోంచి కూడా కొట్టేసుకున్నానని అప్పట్లో తెలియలేదు.

మా మేనమామది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాడు. ఆయన మగ్గం మీదుంటే అత్త పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టుదారం చుట్టి అందిస్తుంది. మగ్గం మీద నిలువుగా సాగే పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే పట్టి అతుకుతుంది. కాపురానికి వచ్చిన నాటినుంచీ అదే పని. ఆమె చేతులు ఆగితే మామ మగ్గమూ ఆగుతుంది. అయినా ఎవరైనా వచ్చి అడిగితే నేతపని చేసేది మామ, అత్త మాత్రం ఇంట్లో ఉంటుంది. నేనూ ఎన్నోసార్లు అలాగే చెప్పాను.

పోయిన ఏడు చేతివృత్తులవాళ్ల సంక్షేమం కోసం ఒక బిల్లు పార్లమెంటుకు వచ్చింది. కార్డులిస్తారనీ, వయసైపోయాక పెన్షన్ వస్తుందనీ ఊళ్లో అనుకున్నారు. బిల్లు కమిటీకి వెళ్లింది. కమిటీవాళ్లు జనం అభిప్రాయాలు కోరుతూ పేపర్లో ప్రకటన వేశారు. ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ రాసి, పదిహేను రోజుల్లో పంపాలి. నేతపనివాళ్లంటే మగ్గం మీద బట్ట నేసేవాళ్లేనని బిల్లులో ఉందని అత్తకు ఎవరో చెప్పారు. ఆమె ఆ ప్రకటన కత్తిరించి పెట్టుకుని, ఆదివారం నేను వెళ్లేసరికి నా ముందుంచింది. తను చెప్తానంది, నన్ను రాసుకుని ఇంగ్లీషు చేసి పంపమంది.

"మగ్గం మింద కూసునేటోళ్లే కాదు, కండెలు చుట్టేటోళ్లూ, పడుగు అతికేటోళ్లూ నేతపనోళ్లేనని రాయప్పా. ఇంగేం వద్దు. ఆ ఒక్క మాట సాలు."

రాశాను. సంతకం పెట్టడానికి ముందు ఆమె పాత క్యాలెండరు వెనక నాలుగుసార్లు తన పేరు రాసి చూసుకుంది. నా కాగితం మీద అయిదోసారి, కుదురుగా పెట్టింది.

దాన్ని ఇంగ్లీషు చేయడం ఒక పూట పని. మరుసటి రోజునుంచి అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు దిద్దాలి, రోజూ హిందూపురంలోని ఇంటినుంచి బడికి రైల్లో పోయి రావాలి. ఇవన్నీ సాకులు. అసలు సంగతి ఏమంటే నాకు లోపల నవ్వొచ్చింది. ఢిల్లీలో కూర్చున్న పెద్దవాళ్లకు ధర్మవరంలో రాట్నం సంగతి ఎందుకు? తేల్చేదంతా సభలో కదా, కమిటీదేముంది, అడ్డగీత కొట్టే పేరా. రేపు రేపంటూ ఉండగానే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

పదిహేడో రోజు అత్త ఫోన్ చేసింది. పంపించినావా అని అడిగింది. పంపినాననీ, రిజిస్టర్ పోస్టులో వేసినాననీ చెప్పాను. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, అందుకని రిజిస్టర్ పోస్టు. ఆమె ఆ సంగతి వీధంతా చెప్పుకుంది.

కొన్ని నెలలకు బిల్లు సభలో చర్చకొచ్చింది. అత్త నన్ను రమ్మంది. వెళ్లేసరికి రాట్నం తిప్పే ఆడవాళ్లు మరో నలుగురు టీవీ ముందు కూర్చునున్నారు. నేను పంతులు గొంతుతో అంతా విడమరిచి చెప్పాను. క్లాజుల దగ్గరికొచ్చారు. నేతపనివాళ్లెవరో చెప్పేది రెండో క్లాజు. అధ్యక్ష స్థానంలో ఉన్నాయన నంబర్లు చదువుతుంటే సభ్యులు అవునంటున్నారు. మేము టీ తాగేలోపే అన్ని క్లాజులూ దాటిపోయాయి. మన మాట ఎప్పుడొస్తుందని అత్త మెల్లగా అడిగింది. నేను తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. కాసేపటికి బిల్లు పాసైందని టీవీలోనే చెప్పారు.

తిరుగు రైల్లో ఫోన్‌లో ఆ కమిటీ నివేదిక తీసి చదివాను. బిల్లు పాఠం ఇరవై రెండేళ్లు చెప్పినవాణ్ణి, ఒక నివేదిక చదవడం అదే మొదటిసారి. అభిప్రాయాలు పంపినవాళ్ల పేర్లన్నీ చివర వరసగా ఉన్నాయి. ఎక్కడో సముద్రం ఒడ్డున వలలు అల్లే ఆడవాళ్లు రాసిన ఉత్తరం గురించి ఒక పేరా ఉంది. వాళ్లనూ చేపలు పట్టేవాళ్లతో పాటు లెక్కలోకి తీసుకోవాలని కమిటీ సిఫారసు చేసింది, ప్రభుత్వం ఒప్పుకుంది, బిల్లు సభకొచ్చేటప్పటికే ఆ మాట అందులో చేరిపోయింది. సభలో నంబర్లు చదవడమే మిగిలింది. ఎవరూ చదవరనుకున్న ఉత్తరాన్ని చదివారు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నా సీటు పక్కనాయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

మరుసటి ఆదివారం నిజం చెప్పేద్దామనే ధర్మవరం వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే అత్త రాట్నం తిప్పుతూ నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది.

"నువ్వు రాసినావు. వాళ్లు సదివినారు. వద్దనుకున్నారు. పెద్దోళ్లు ఊరికే అంటారా? ఇది పని కాదేమోలేప్పా. ఇన్నేళ్లూ మేమే పనని అనుకుంటాంటిమి."

ఆ నలుగురు ఆడవాళ్లకూ అదే మాట చెప్పిందట. పార్లమెంటు అనని మాటను నా బద్ధకం ఆమె చేత అనిపించింది. ఇంక ఒక్క క్షణం కూడా దాచుకోలేకపోయాను.

"నేను పంపలేదత్తా. కాగితం నా బ్యాగులోనే ఉండిపాయ. ఆ పొద్దు ఫోన్‌లో నీకు అబద్ధం చెప్తిని."

రాట్నం ఆగింది. మగ్గం మీద మామ చేతులు కూడా ఆగాయి. తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఉండబట్టలేక తలెత్తి చూస్తే, ఆమె ముఖం మెల్లగా తేటపడుతోంది.

"అట్లయితే వాళ్లు మమ్మల్ని వద్దనలేదు కదప్పా," అంది.