మూడు బత్తాయిల ఫొటో

సార్ పోయారు. మంగళవారం పొద్దున కోదాడలో మా కాలేజీ ల్యాబులో పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష పెడుతుంటే ఆయన భార్య సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ చేసింది. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తాను. "బిడ్డా, సార్ ఇగ లేడు" అంది. ఫోన్ పెట్టేసి, ఏం చేయాలో తోచక, ఎదురుగా ఉన్న ఇద్దరు పిల్లలకు మార్కులు వేశాను. ఎన్ని వేశానో దేవుడికే తెలియాలి.

సార్ మాకు సూర్యాపేట డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పారు. రిటైరయ్యాక మిర్యాలగూడలో స్థిరపడ్డారు. ఆయనకో పిచ్చి ఉండేది, ఫొటోల లోపల మాటలు దాచడం. ఫొటో అంటే లక్షల చుక్కలు, ఒక్కో చుక్క రంగు ఒక అంకె. ఆ అంకెను ఒక్కటంటే ఒక్కటి మార్చినా కంటికి తేడా తెలియదు. అట్లా మార్చుకుంటూ పోయి అక్షరాలు లోపల పెట్టేవారు. పాత విద్యార్థుల్లో మా ఐదారుగురికి ఆదివారం ఆదివారం ఒక ఫొటో వచ్చేది. మిగతావాళ్లు మెల్లగా జారుకున్నారు. నేను మిగిలాను. ఓపిక ఉండి కాదు, నాకు ఓపిక అన్నదే లేదు. నా ఫోన్‌లో నేను చదవని మాట ఒకటి ఉందంటే నాకు అన్నం సహించదు, అంతే.

తాళం, అంటే దాన్ని విప్పడానికి కొట్టాల్సిన మాట, మాత్రం ఎప్పుడూ ఫొటోలోనే కనిపిస్తూ ఉండేది. ఒకసారి వేములపల్లి దగ్గర వరినాటు ఫొటో పంపారు. వరి, నారు, కాలువ, బురద అంటూ నాలుగు రోజులు ఏవేవో కొట్టి చూశాను. ఏదీ తెరుచుకోలేదు. కోపమొచ్చి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. "ఐదు కొంగలున్నయ్ గదనే. కండ్లు ఏడ వెట్టినవ్? ముందుగాల సూడు, తర్వాత ఎతుకు" అన్నారు. ఆ మాట నాకు కనీసం వందసార్లు చెప్పి ఉంటారు. నేను వందసార్లూ ముందు వెతికాను.

ఏదైనా సూటిగా చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. నేను పెన్‌పహాడ్ నుంచి బస్సులో కాలేజీకి వచ్చే రోజుల్లో, ఒకనాడు ల్యాబులో అందరికీ తలా ఒక ఫొటో ఇచ్చారు. నాది విప్పితే, "ఎడమ చెప్పు పట్టీ తెగేటట్టుంది. బస్సెక్కంగ పైలం" అని ఉంది. నలభైమంది ఉన్న గదిలో ఆ సంగతి నాకొక్కదానికే తెలిసింది. సిగ్గుపడ్డాను, ఆయన మీద ప్రేమా పుట్టింది.

ఆయన నియమం ఒక్కటే. పజిల్‌ను ఎప్పుడూ ఫొటోగా పంపకూడదు, డాక్యుమెంట్‌గా పంపాలి. మామూలుగా పంపితే మెసేజ్ యాప్ బొమ్మను నలిపి చిన్నది చేస్తుంది, చుక్కల అంకెలన్నీ మారిపోతాయి, లోపల దాచింది ఇక దొరకదు. "ఫొటోగ పంపితిరా, ఖతం" అనేవారు.

షుగర్ పెరిగిందని సార్‌ను సూర్యాపేటలో చేర్చారు. రెండు రోజుల్లో ఇంటికి పోతానని ఆయనే చెప్పారు. నేనూ నమ్మాను. శనివారం సాయంత్రం ఆయన నుంచి ఒక ఫొటో వచ్చినట్టు ఫోన్ చూపించింది. పరీక్షల హడావిడి, ఎన్నడూ లేనిది తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆదివారం పోయింది, సోమవారం పోయింది. మంగళవారం ఆయన్ను ఆఖరిసారి చూసి మిర్యాలగూడ నుంచి తిరిగొస్తూ బస్సులో తెరిచాను. దవాఖాన కిటికీ గట్టు మీద మూడు బత్తాయిలు.

అది మామూలు ఫొటోగా వచ్చిందని చూడగానే తెలిసింది. అయినా ఒప్పుకోలేకపోయాను. సార్ ఆ తప్పు చేయరే! ఇది కూడా పజిల్‌లో భాగమేమో అనుకున్నాను. పది రోజులు అన్నం తింటూ, పాఠం చెబుతూ, నడుస్తూ అదే ధ్యాస. ఏది కొట్టినా చెత్త గుర్తులే వచ్చాయి. ఆఖరి మాట ఏం చెప్పాలనుకున్నారో తెలియకుండా ఎట్లా బతకడం?

పదోరోజు కర్మకు వెళ్లాను. భోజనాలయ్యాక అమ్మే నన్ను లోపలికి పిలిచింది.

"నేను పంపిన ఫొటో నీకు చేరిందా బిడ్డా?"

"మీరు పంపారా?"

"సార్ చెయ్యి వణుకుతుండె. అంత తయారు జేసి, డాక్యుమెంట్ లెక్క పంపమని ఫోన్ నా చేతికిచ్చిండు. గప్పుడే నర్సు పిలిసింది. ఏదో ఒకటి ఒత్తిన. చెడిపోయిందా?"

సార్ ఫోన్ అడిగాను. అసలు ఫొటో అందులో ఉంది. దాన్ని వెంట తెచ్చుకున్న నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి "మూడు బత్తాయిలు" అని కొట్టాను. ఒకే వరుస వచ్చింది.

"పజిలేం లేదు. ఒకసారి వచ్చి పో."

అమ్మ దగ్గర కళ్లద్దాలు లేవు. "ఏమన్నడు?" అంది. చదివాను. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. "అయ్యో, ఎంత పని జేస్తిని! నేను సక్కగ పంపితే నువ్వు వస్తుంటివి గద" అంది.

నోరు మూసుకుంటే నా తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఒక్క క్షణం మూసుకున్నాను కూడా. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"లేదమ్మా. అది శనివారమే వచ్చింది. మంగళవారం దాకా నేను తెరవనే లేదు. మీరు సక్కగ పంపినా నేను వచ్చేదాన్ని కాదు."

ఆమె తలెత్తి నా వంక చూసింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"పరీక్షలుండెనా?" అంది.

"ఉండె."

కొంగుతో కళ్లు తుడుచుకుని నా పక్కకు జరిగింది. "గా డాక్యుమెంట్ ఎట్ల పంపుతరో నాకు సూపెట్టు" అంది. సార్ ఫోన్‌లో ఎక్కడ నొక్కాలో వేలితో చూపించాను. ఒక్కొక్కటీ చదివించుకుని, ఆమే నొక్కింది. ఒళ్లో ఉన్న నా ఫోన్ కదిలింది. తెర మీద సార్ పేరు వెలిగింది.

నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

"ఇప్పుడన్న తెరువు బిడ్డా" అంది అమ్మ.