మా మరిది ఓటు

నేను ఐదో తరగతి వరకే సదువుకున్యా. రాసేది ఇదే మొదలు. అచ్చరాలు తప్పు పోతే నవ్వుకోండి, సదవడం మాత్రం ఆపొద్దండి.

మా మరిది మిలిట్రీలో ఉండాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ముందు "ఒదినా, బోర్లో నీళ్లు ఉండాయా?" అంటాడు. బాగుండావా అనేది ఆ తర్వాతే.

పోయిన ఎలచ్చన్లకు రాలేక, తన ఓటు నన్ను వేయమని రాసిచ్చినాడు. మిలిట్రీ వాళ్లకు అట్ల వీలుండాది. ఇంట్లో మా మామది ఒక పార్టీ, మా ఆయనది ఇంకో పార్టీ.

"వాడు నా కొడుకు, నా పార్టీకే వెయ్" అని మామ.

"వాడు నా తమ్ముడు" అని ఈయన.

ఎవురికి వేసినా ఇంట్లో కొట్లాటే. మరిదికి ఫోన్ చేసి, "ఎవురికి వెయ్యాలప్పా?" అన్యా.

"నేను ఈడ మంచులో ఉండా ఒదినా. ఆడ బిందె మోసేది నువ్వు. నీళ్లు ఎవురు తెస్తారనిపిస్తే వాళ్లకెయ్. ఎవురన్నా అడిగితే, నేను చెప్పొద్దన్యానని చెప్పు."

నా ఓటుకు చూపుడేలికి, ఆయప్ప ఓటుకు నడిమేలికి సిరా పూసినారు. ఇంట్లో ఇద్దరూ అడిగితే, "మిలిట్రీ ఆయప్ప చెప్పొద్దన్యాడు" అన్యా. ఎవురి పనికి వాళ్లు పోయినారు.

మరిది సెలవుకొచ్చినప్పుడు మామ, మా ఆయన పక్కనే కూచోనుండారు. ఆయప్ప నా నడిమేలి గోరుమీద సిరా చూసినాడు. వీళ్ల ముందర అడుగుతాడేమోనని చెయ్యి కొంగులో దాచుకున్యా.

"ఒదినా, బోర్లో నీళ్లు ఉండాయా?" అన్యాడు.

"ఉండాయప్పా" అన్యా. పానం శానా తేలికైంది.

ఎవురికి వేసినానో మీకూ చెప్పను. దానికీ, నా తప్పులకూ మన్నించండి.